బోలుగా మోగిన టైలు

పొద్దున్నే బిల్డరు ఇల్లు అప్పగించినట్టు సంతకం పెట్టించుకోడానికి వస్తాడు. సంతకం పడ్డాక ఏ లోపానికీ పూచీ పడడు. అందుకే ముసలాయన ఆ రాత్రి తన ఖాళీ కొత్త ఇంట్లో మోకాళ్ల మీద పాకుతూ, నేల టైళ్లను వేలి కణుపుతో కొట్టి, కింద సిమెంటు నిండక బోలుగా మోగినవాటి మీద సుద్దగీత పెడుతున్నాడు.

"కుళాయిలో చుక్క నీళ్లు లేవు," అన్నాడు ఫోన్లో.

"రేపొస్తాయి బాబాయ్. ఒక్క రాత్రికి దాహంతో ఎవరూ పోరులే," నవ్వాడు బిల్డరు.

"మూడేళ్లుగా నీ రేపు రాలేదురా. మీ పిన్ని ఈ గడప తొక్కకుండానే పోయింది."

పడగ్గదిలో చివరి టైలు బోలుగా మోగింది. గీత పెట్టబోయాడు. ఆ టైలు కింది నుంచి ఎవరో రెండుసార్లు కొట్టి, ఆగి, మరోసారి కొట్టారు.

గొంతు పోయాక అతని భార్య మంచంపట్టెను అలాగే కొట్టి నీళ్లడిగేది.

వంటింట్లోకి పరుగెత్తి కుళాయి తిప్పాడు. గాలి బుసకొట్టింది. పడగ్గదిలో చప్పుడు మళ్లీ మొదలైంది. ఈసారి ఆగలేదు.