నాలుక కింద బిళ్ళ

“నాలుక ఎత్తండి,” అంది కోడలు.

మామ పెదవులు బిగించాడు. మిగతా మందులన్నీ బుద్ధిగానే మింగాడు, ఈ షుగర్ బిళ్ళ దగ్గరే పేచీ. ఆమె అటు తిరగగానే వాష్‌బేసిన్‌లో తుపుక్కున ఉమ్మాడు. పట్టుబడ్డాడు కూడా. ఉప్పూ నిప్పూ ఒకే ఇంట్లో ఉంటే రోజూ ఇదే భాగోతం.

“షుగర్ తగ్గిందని మొన్న డాక్టరే చెప్పాడుగా! ఇంకా ఎందుకే నాకీ గడ్డి?”

బస్సు నడిపి రిటైరైన మనిషి. హారన్ పాడైన రోజున ఆ గొంతుతోనే నెట్టుకొచ్చేవాడట.

“తగ్గినా మానొద్దన్నాడు కూడా. గుండె ఆపరేషనయ్యాక తగులుకున్న షుగరు కదా. ఈ బిళ్ళ గుండె కణాల మీద ఒత్తిడి తగ్గిస్తుందట, గుండెకి కాపుదలట. ఆయన చెప్తుంటే మీరు కిటికీలోంచి బస్సులు చూస్తున్నారు.”

“వాడు నీ చెవిలో ఊదాడు, నువ్వు నా ప్రాణం తోడేస్తున్నావు. నిన్ను నా నెత్తిన పెట్టి పోయాడు మావాడు!”

“మీ మీద ప్రేమ కారిపోయి ఉంటున్నాననుకున్నారా? మా ఆయన కోసం ఉంటున్నా. మా పెళ్ళికి రాలేదు. కన్నకొడుకుని గుమ్మం తొక్కనివ్వలేదు. మీ మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.”

“కాళ్ళు లాగేస్తున్నాయని రాత్రంతా మూలిగితే ఒక్కసారైనా పలకరించావా?”

“మీ కాళ్ళతో నాకేం పని?”

పెద్దాయన బల్ల మీద ఫెడీమని చరిచాడు. “అయితే నేనెందుకే బతకాలి? పోతే పీడా విరగడవుతుంది. ఎవరికి నష్టం?”

“నాకు!” అని అరిచింది కోడలు.

ఆ అరుపుకి ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆమె ఇంకో బిళ్ళ తీసి అరచేతిలో పెట్టింది. ఈసారి మింగి, అడక్కుండానే నాలుకెత్తి చూపించాడు.

కోడలు ఆయన కుర్చీ పక్కన కూలబడింది. ఆయన చొక్కా బొత్తాలు విప్పి, ఆపరేషన్ గాటు పక్కన చెవి ఆనించింది. పెద్దాయన కదల్లేదు. ఆయన చెయ్యి ఆమె తలదాకా వచ్చి, భయపడి ఆగిపోయింది.

“ఎలా ఉంది?” అన్నాడు గొంతు తగ్గించి.

“బాగానే ఉంది. మీకే బుద్ధి లేదు,” అంది కళ్ళు మూసుకునే.

ఆ గాటు కింద కొట్టుకుంటున్న గుండె ఆమె భర్తది.