పేడపురుగు దారి

ఆఫ్రికా అడవిలో జీపు చప్పుడు వినగానే సింహం జూలు దులుపుకుని దారి పక్కన దర్జాగా కూర్చుంది.

దారి మధ్యలో ఓ పేడపురుగు తల కిందికి పెట్టి, వెనక కాళ్లతో పేడ ఉండను తోసుకుపోతోంది.

"నన్ను చూడ్డానికి జనం వస్తున్నారు. తప్పుకో, చక్రం కింద పడి చస్తావు," అంది సింహం.

"ఉండ వదిలేసి ఎక్కడికి పోను దొరా? నా పిల్లలు పుట్టాల్సింది ఇందులోనే," అంటూ పురుగు తోస్తూనే ఉంది.

జీపు జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. జనమంతా ఒకే వైపు వంగి, ఊపిరి బిగబట్టి ఆ ఉండనే చూశారు. అది అవతలి గడ్డిలోకి చేరాకే జీపు కదిలి వెళ్లిపోయింది.

సింహం మూతి ముడుచుకుంది.

గడ్డిలోంచి పురుగు తల ఎత్తింది. "మీ కోసం వస్తామన్నవాళ్లు ఇంకా రాలేదా దొరా?"