గుర్రం కాడి నౌకరి

గుర్రాన్ని కట్టేసే నౌకరి కోసం వచ్చిన ఏసోబును, గుర్రాన్ని కట్టేసే గుంజకే కట్టేసిండ్రు. గుర్రమేమో పక్కన విడిగ నిలబడి తాపీగ ఉలవ గుగ్గిళ్లు నములుతాంది.

"దొరా, నేనేం తప్పు చేసిన?" అన్నడు ఏసోబు.

"నాకు సుత గదే సమజైతలేదు," పోలీసు అమీను కుర్చీల ఎనక్కి ఒరిగిండు. "పొద్దుగాల సంది ఇరవై మందిని అడిగిన. ఒక్కడన్న నీ తప్పు చెప్తలేడు."

పోలీసు క్యాంపుల పనికి వచ్చేటోడు ఎసొంటోడో ఊర్ల విచారించకుండ లోపలికి రానియ్యొద్దని పై హుకుం. సర్కారు మీద తిరగబడ్డ సంఘపోడు ఎవడన్న గుర్రాలు చూసుకునే సాయీసు లెక్క వచ్చి, జీను పట్టీ కోసి, అమీను నడుం ఇరగ్గొడ్తడని భయం.

చుట్టు కూడిన ఊరోళ్ల గుంపుల ఏసోబు పెండ్లాం జానమ్మ నిలబడ్డది. నిన్న పొద్దంత ఇంటింటికి తిరిగి, "మా ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పుండ్రి, మీ కాల్మొక్కుత" అని బతిలాడింది ఆమెనే. నౌకరి దొరికితే గుర్రం తినంగ మిగిలిన గుగ్గిళ్లన్న పిల్లలకు దక్కుతయని ఆశ. ఆ పిల్లలు కడుపు నిండ తిని పదిరోజులాయె. ఊరోళ్లేమన్న తక్కువ జేసిండ్రా? నాలుగడిగితే నలభై చెప్పిండ్రు. లాడాలు కొట్టే మొయినుద్దీన్ అయితే, ఏసోబు చెయ్యి తాకితే కుంటి గుర్రం సుత కొల్లాపురం దాక ఆగకుండ ఉరుకుతదని అల్లా మీద ఒట్టేసిండు.

"ఈ నౌకరిల పదకొండు ఊర్లు తిరిగిన," అన్నడు అమీను. "మామూలు మనిషైతే ఒకడు తాగుబోతంటడు, ఒకడు దొంగంటడు, సొంత బామ్మర్దే లుచ్చా అంటడు. ఊరంత కూడి బంగారమన్నదంటే వాడు సంఘపోడే. పొద్దుగూకకముందు లారీ వస్తది. ఎక్కియ్యుండ్రి."

ఆ లారీ ఎక్కినోళ్లల్ల మళ్ల ఇంటి మొఖం చూసినోడు లేడు.

"లేదు దొరా! నేను మంచోన్ని గాదు!"

"చూసినవా, జర్రంత గర్వం సుత లేదు," అన్నడు అమీను పక్కన జవానుతోని.

జానమ్మ ఉరికొచ్చి కాళ్ల మీద పడ్డది. "తాగుతడు దొరా! తాగొచ్చి నన్ను గొడ్డును బాదినట్టు బాదుతడు!"

గుంపుల నుంచి పక్కింటి నర్సింగమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "అయ్యయ్యో, అవేం మాటలే చెల్లె! మా మరిది ఎన్నడన్న నీ మీద చెయ్యెత్తిండా? కల్లు వాసనకే కడుపుల తిప్పుతదాయె ఆయనకు!"

"నీ కాల్మొక్కుత, జర నోరు ముయ్యక్కా!"

"నేనెందుకు మూస్తనే? ఉన్న మాట చెప్పనీకె నాకేం భయం?"

దూరంగ బాట మీద దుమ్ము లేచింది. లారీనే. అప్పుడు ఏసోబు మొఖం పెండ్లికొడుకు మొఖం లెక్క వెలిగింది.

"దొరా! నాకొక పగోడున్నడు! గొర్ల కురుమయ్య! పన్నెండేండ్ల సంది మాటల్లేవు. గుట్ట మీద గొర్లు కాస్తుండు, వాన్నడుగుండ్రి!"

అది నిజమే. ఏసోబు మేక కురుమయ్య కొత్త గొంగడిని సగందాక నమిలిన నాటి సంది, ఏసోబు కనబడితే కురుమయ్య ఉమ్మేసి బాట మారుస్తడు. వాని గొర్లు సుత ఏసోబు నడిచిన జాగల గడ్డి మెయ్యవంటరు.

"సరే. వాడొక్కడు నిన్ను తిడితే నౌకరి నీది. తిట్టకుంటే లారీ." అమీను జవాను దిక్కు తిరిగిండు. "గుట్ట మీదికెల్లి వాన్ని తోల్కరా. దారిల ఒక్క ముక్క చెప్పినవంటే నీ నౌకరి పోతది."

జానమ్మ కండ్లు మూసుకుంది. "యేసుప్రభువా, కురుమయ్య నోటికి బలమియ్యి తండ్రీ. నాలుగు బూతులు. నాలుగే నాలుగు."

కురుమయ్య వచ్చిండు. ఏసోబును చూసిండు. అలవాటు కొద్ది తుపుక్కున ఉమ్మిండు. ఏసోబుకు పోయిన పానం తిరిగొచ్చింది.

"ఈడెసొంటోడు?" అడిగిండు అమీను.

కురుమయ్య గుంజకు కట్టిన తాడును చూస్తుండు. జవాన్లు కొట్టిన దెబ్బలకు ఆ తాడు కింద కారుతున్న నెత్తురును చూస్తుండు.

"చెప్పరా కురుమయ్యా!" ఏసోబు ఒర్రిండు. "నా మేక దానంతటది నమల్లేదు, నేనే నమిలిపిచ్చిన! నీ పొట్టేలును కోసుకతిన్నది సుత నేనే! నీకు రోషం లేదారా? నోట్లె నాలుక లేదా?"

కురుమయ్య దవడలు బిగుసుకున్నయి. చేతిల కట్టె పైకి లేచింది. కొట్టు అన్నా, కొట్టు అనుకుంది జానమ్మ.

కట్టె కింద పడ్డది. కురుమయ్య నెత్తి మీది రుమాలు తీసి అమీను బూట్ల కాడ పరిచిండు.

"భయానికి ఏదేదో ఒర్రుతుండు దొరా. దెబ్బలకు మతి పోయింది. ఇసొంటి మంచోడు ఏడూర్లల్ల లేడు. గొంగడి బయట పడేసిన తప్పు నాదే. నా నలభై గొర్లు జామీను పెడ్త, ఈన్ని ఇడిసిపెట్టుండ్రి."

అమీను లేచి నిలబడ్డడు. "పగోన్ని సుత గిట్ల చేసుకున్నడంటే ఈడు ఉత్త సంఘపోడు గాదు, సంఘానికే పెద్ద. ఈ గొర్లోడు వాని కుడిచెయ్యి. ఇద్దర్ని ఎక్కియ్యుండ్రి."

లారీల ఇద్దర్ని వీపుకు వీపు ఆనిచ్చి, ఒక్క తాడుతోనే కట్టిండ్రు. లారీ కదిలింది. జానమ్మ ఏడుపు దుమ్ముల కలిసిపోయింది. ఊరు దాటినంక, పన్నెండేండ్లకు మొదటిసారి, కురుమయ్య తల తిప్పి ఏసోబు చెవుల మెల్లగ అడిగిండు.

"ఏసోబన్నా, మంచిగనే చెప్పిన గదా?"