నొక్కి చెప్పిన మాట

“రేపటి టపా బండిలో డబ్బో ఊళ్ళో మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నాను, క్లెమ్. మళ్ళీ వస్తానో రానో చెప్పలేను.”

“విన్నాను. ఓవర్.”

ఈ సంభాషణ రేడియోలో జరిగింది కాదు. పొద్దున్నే వంటింట్లో, ఒకే టేబులుకి అటొకరూ ఇటొకరూ కూర్చుని, మధ్యలో టీ కెటిలూ, ఆరబెట్టిన సీసా మూతలూ, రబ్బరు రింగులూ పెట్టుకుని మాట్లాడుకున్న మాటలు. డల్సీ మొదలుపెట్టింది. క్లెమ్ ఓవర్ చేశాడు.

నలభై ఏళ్ళ కాపురంలో ఆయన తనతో ఆడిన మాటలన్నీ పోగేస్తే టీ చెంచా నిండదని డల్సీ బాధ. అదే, గొర్రెల ఫారంలో పనివాళ్ళకి చేతి రేడియో వాడకం నేర్పేటప్పుడు చూడాలి, ఎక్కడలేని నోరూ వచ్చేస్తుంది.

“నొక్కు. ఒక్క క్షణం ఆగు. అప్పుడు మాట్లాడు. వదులు. సోది చెప్పకు. సీటు సందులో పడెయ్యకు. బటన్ నొక్కుకుపోయిందో, నీ సొద అందరూ వింటారు, ఎవరి గోడూ నీకు వినపడదు!”

అందులో చాదస్తమేమీ లేదు. ఒకసారి పనివాళ్ళలో రాబిన్ అనే అమ్మాయి మోటారు సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. అదే సమయానికి ఎవడి రేడియోనో సీటు సందులో నొక్కుకుపోయి ఉండడంతో, పిలిచినా పలికే దిక్కులేక పూటంతా ఎండలో పడి ఉంది. అప్పట్నుంచి, బటన్ నొక్కుకుపోయినవాళ్ళు అందరికీ పెట్టెడు బీరు కొనిపెట్టాలని క్లెమ్ శాసనం.

ఊరందరికీ నొక్కి చెప్పే మనిషి, పెళ్ళాం దగ్గరికొచ్చేసరికి మాటలన్నీ నొక్కేస్తాడు. అదీ డల్సీ బాధ.

క్లెమ్ కాసేపు టేబులు కేసి చూస్తూ కూర్చుని, టోపీ తీసుకుని, కుక్కని వెంటబెట్టుకుని బండెక్కి వెళ్ళిపోయాడు.

డల్సీ పొయ్యి వెలిగించింది. వెళ్ళేలోగా చలికాలానికి సరిపడా ఆప్రికాట్లు ఉడికించి, సీసాల్లో పెట్టి వెళ్ళాలి. కోపం వేరు, ఆప్రికాట్లు వేరు. తీరా మూతలు బిగించబోతే, గాలి చొరకుండా మూత కింద వేసే ఎర్ర రబ్బరు రింగు ఒకటి తక్కువ వచ్చింది. “ఈ మడ్జీ నమిలేసి ఉంటుంది, వెధవ కుక్క!” అనుకుని, ఆ సీసా మీద సాసరు బోర్లించింది.

కిటికీ గట్టు మీద రేడియో ఆ వేళ ఎందుకో మౌనవ్రతం పట్టింది. మామూలుగానైతే గొర్రెలు తోలేవాళ్ళ కేకలకి చెవులు చిల్లులు పడతాయి. మధ్యాహ్నం దాటాక ఒక్కసారిగా గరగరమంది.

“కూర్చోవే మడ్జీ. తోకతో నా మొహం తుడవకు.”

డల్సీకి నవ్వొచ్చింది. గబగబా రేడియో అందుకుంది. “క్లెమ్! నీ బటన్ నొక్కుకుపోయింది! వదులు!”

నొక్కినవాడికి వినపడదు కదా. ఆయన చెప్పిన పాఠమే.

“ఆవిడ వెళ్ళిపోతుందటే,” అంది రేడియో. “ఆగమని చెప్పాలి. ఎలా చెప్పను? గొర్రెల దగ్గర గొంతు లేపితే బెదిరిపోతాయిరా, నోరు ముయ్యి అనేవాడు మా నాన్న. మూశాను. మళ్ళీ ఎప్పుడు తెరవాలో చెప్పకుండానే పోయాడు.”

డల్సీ నవ్వు ఆగిపోయింది.

“నీళ్ళ పంపు ఇంజను వారం వారం చెడిపోతుందని ఆవిడ తిట్టిపోస్తుంది చూడు. అది చెడిపోదే. ఆవిడ వంటింట్లో పాటందుకుంటే నేనే ఆపేస్తా. ఆ గోలలో పాట వినపడి చావదు.”

రెండో వాయి ఆప్రికాట్లు కలుపుతున్న గరిటెని డల్సీ గిన్నెలోనే వదిలేసింది.

“కిందటేడు ఆసుపత్రిలో ఆవిడకి మత్తుమందు ఇచ్చారు కదా, అప్పుడు చెప్పాను. అన్నీ చెప్పాను. నర్సు ఏడ్చింది. ఈవిడకేమో ఒక్క ముక్కా గుర్తులేదు. ‘వెళ్ళకు డల్సీ, నువ్వు లేకపోతే నాకు చాతకాదు.’ ఎంత మాటని! నీకైతే చెప్పగలను మడ్జీ. బిస్కత్తు కోసం తప్ప నువ్వు నా మొహంలోకి చూడవు.”

ఆయన అంతరంగం తరంగాల మీద వంటింట్లోకి నడిచొచ్చింది. అడుగంటిన ఆప్రికాట్ల వాసన కూడా డల్సీకి తెలియలేదు.

కళ్ళు తుడుచుకుని, పడగ్గదిలోకి వెళ్ళి, సర్దిన పెట్టెలోంచి బట్టలన్నీ తీసి మళ్ళీ బీరువాలో పెట్టేసింది. అప్పుడు గుర్తొచ్చింది. పనివాళ్ళందరూ విని ఉంటారు! ఇక వాళ్ళు ఆయన్ని బతకనిస్తారా? సిగ్గుతో నీళ్ళ తొట్టిలో దూకినా దూకుతాడు.

సాయంత్రం ఆయన బండి తిరిగొచ్చింది. క్లెమ్ ఇంటివైపు కన్నెత్తి చూడకుండా తిన్నగా కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు. వంటింటి రేడియోలో మాత్రం మడ్జీ ఇంకా రొప్పుతూనే ఉంది.

రేడియోని సీటు సందులోంచి తీసి బటన్ వదిలిద్దామని డల్సీ పరుగున బయటికొచ్చింది. గేటు దగ్గర రాబిన్ మోటారు సైకిలు ఆపుతోంది.

“రాబిన్, నీకు పుణ్యముంటుంది. మధ్యాహ్నం విన్నవన్నీ పట్టుకుని మా ఆయన్ని ఏడిపించకండి. బీరు నేను కొంటా.”

“బీరు కొంటానంటే కాదనను గానీ, ఏం విన్నాం డల్సీ?”

“అదే... రేడియోలో...”

“మేమెవ్వరం ఆ ఛానెల్లో లేం కదా! పొద్దున్నే బాసు మమ్మల్నందర్నీ పన్నెండో ఛానెల్‌కి మార్పించాడు. ఒక్కొక్కరి రేడియో తనే తీసి చూసుకున్నాడు కూడాను. పాత ఛానెల్లో ఇక మిగిలింది మీ వంటింటి రేడియో ఒక్కటే.”

డల్సీ బండి తలుపు తీసింది. మడ్జీ దూకి పారిపోయింది. సీటు సందులో చెయ్యి పెట్టి వెతికింది. ఏమీ లేదు. రేడియో ఎదురుగా డాష్‌బోర్డు మీద, నిటారుగా నిలబెట్టి ఉంది.

బటన్ మీద ఆమె ఎర్ర రబ్బరు రింగు బిగించి ఉంది.