నల్లగుడ్డ కింద

సిస్టర్ ఆరోగ్యమేరికి ఆరోగ్యం పేరులోనే మిగిలింది, రక్తంలో క్యాన్సర్. ఆదివారం ప్రభువునే వరించి, జీవితాంతం సన్యాసినిగా ఉంటానని నిత్యవ్రతం తీసుకోవాలి. వ్రతం ముందో, మృతం ముందో డాక్టరు చెప్పలేదు.

ఆ రాత్రి శాలిబండ కాన్వెంటు చాపెల్లో రిహార్సల్. లోకానికి చచ్చినట్టు గుర్తుగా ఆమె బోర్లా పడుకుంటే, పెద్ద సిస్టర్ జోజమ్మ నల్లగుడ్డ కప్పింది.

"ఆదివారం దాకా ఉంటనా, అక్కా?"

"ఫికర్ చెయ్యకు బిడ్డా. ప్రభువు పెండ్లికి ముందే పిల్లను లేపుకపోతడా ఏంది?"

జోజమ్మ పునీతుల పేర్లన్నీ పాడి ముగించింది. ఆరోగ్యమేరి లేచి నిలబడింది. ఇన్నాళ్లకు ఒళ్లు నొప్పి లేదు.

జోజమ్మ నేలవైపే చూస్తోంది. "లే బిడ్డా, అయిపాయె."

"లేచిన గదక్కా!"

జోజమ్మ తలెత్తలేదు. గుడ్డ కింద మనిషి ఆకారం కదలకుండా అలాగే ఉంది. జోజమ్మ వంగి గుడ్డ అంచు పట్టుకుంది.

"ఎత్తకక్కా," అంది ఆరోగ్యమేరి. "ఆదివారం దాకా గట్లనే కప్పి ఉంచు."