నాలుగు వేళ్ల నీడ

డాక్టర్ లిండ్‌క్విస్ట్ నన్ను నిండా ముంచాడు. అంతరిక్షంలోకి పంపిన టెలిస్కోపు మసక బొమ్మలు పంపుతోంది. దాని అద్దానికి లెక్క కట్టింది ఆయన, సానబెట్టింది నేను.

“అద్దం అంచు పల్లమైందని పైకి పంపకముందే ఈయనకు చెప్పానండీ,” అన్నాను విచారణలో. “అద్దం మీద పడి తిరిగొచ్చే దీపం వెలుగుకు రేజర్ బ్లేడు అడ్డంపెట్టి చూస్తే, అంచు వెంట ఉండకూడని నీడ కనబడింది.”

“చెప్పినట్టు గుర్తులేదు,” అన్నాడాయన. “నా లెక్క సరైనదే. చెయ్యడం ఇంజనీరింగు, వాళ్ల పని.”

“ఎక్కడైనా రాశారా?” అని అడిగింది విచారణ సంఘం అధ్యక్షురాలు.

“కంటితో చూసింది మా వర్క్‌షాపులో రాయమమ్మా. నోటితో చెప్తాం, చేత్తో దిద్దుతాం. బ్లేడుతో గడ్డం గీసుకోవయ్యా అన్నారీయన, దిద్దనివ్వలేదు.”

“కానీ అద్దం బాగుందన్న కాగితం మీద సంతకం మీదే,” అంటూ ఆమె ఫైలు మూసింది.

వరండాలో లిండ్‌క్విస్ట్ నా భుజం మీద చెయ్యి వేశాడు. “మనసులో పెట్టుకోకు, ఆర్విల్. ఈ తప్పు మీద వ్యాసం రాస్తున్నా. ఆ రోజు చెప్పావే, ఆ నీడ ఎంత వెడల్పుంది?”

“నాలుగు వేళ్లు,” అనేశాను, అలవాటు కొద్దీ.

ఆయన రాసుకున్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. తప్పు బయటపడితే సైన్సులో అది కొత్త సంగతి, మా పనిలో దొంగ దొరికినట్టు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంతో పాటు నెలకు తొమ్మిది వందల నలభై డాలర్ల పింఛను పోయింది.