బడి గోడ ముందు

పొక్లెయిన్ ఇనప చెయ్యి బడి గోడ మీదికి వంగేసరికి హలిజా వెళ్ళి దాని కింద పడుకుంది. వెనకే మిగతా ఆడవాళ్ళూ వచ్చి, నడుముకి చుట్టుకున్న సరోంగులు బిగించుకుని, ఎర్రమట్టిలో వరసగా పడుకున్నారు. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. బయట ఏం జరిగినా పాఠం ఆపొద్దని హలిజాయే పంతులమ్మకి చెప్పి వచ్చింది.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. అరవలేదు, హారన్ కొట్టలేదు. మెల్లిగా దిగివచ్చి బండి నీడలో కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. కహార్ అని చొక్కా మీద పేరు కుట్టి ఉంది.

సలోకెరా ఊరివాళ్ళు అసలు కొత్త రైలు దారే వద్దనలేదు. ఊరవతల చేపల చెరువుల మీదుగా పోనిమ్మన్నారు. అక్కడ నేల మెత్తన, గట్టు నిలవదని కంపెనీవాళ్ళు ఇళ్ళ మధ్య నుంచి, బడిని ఆనుకుని గీత గీశారు. ఇళ్ళకేం, కర్రవి. ఊరంతా భుజం పట్టి స్తంభాలతో సహా ఎత్తి జరుపుకుంటారు. తాతల నాటి నుంచీ ఉన్న అలవాటే. సిమెంటు బడిని ఏ భుజాల మీద మొయ్యాలని హలిజా ప్రతి మీటింగులోనూ అడిగింది. దానికి జవాబుగా పొక్లెయిన్ వచ్చింది.

"నీకు పిల్లలు లేరా?" అంది హలిజా పడుకునే.

"ఉన్నారు."

"బడికి పోరా వాళ్ళు?"

"పోయేవాళ్ళు."

పక్కనే పడుకున్న ముసలి బెసే నవ్వింది. "రాయినెందుకే అడుగుతావు. కంపెనీ అన్నం తిన్నాక నోరు పెగులుతుందా?"

కహార్ అరిటాకు విప్పి, కొబ్బరిపాలలో వండిన అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఎటో చూస్తూ నమిలాడు. నమిలి మింగాక, ఎండ ఎక్కుతోందని, గోడ వైపు తలలు పెట్టుకుంటే నీడ ఉంటుందని అన్నాడు. కాసేపట్లో ఊరిపెద్ద వచ్చి బతిమాలతాడనీ, ఆ తర్వాత నీళ్ళ సీసాలు పంచుతారనీ, అవి తాగుతుండగానే పోలీసులు దిగుతారనీ చెప్పాడు. ఒకరి చేతులొకరు పెనవేసుకోవద్దన్నాడు. ఈడ్చేటప్పుడు భుజాలు మెలిపడతాయట. కూర ఎలా వండాలో చెప్పినంత తాపీగా చెప్పాడు.

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"మా ఊళ్ళో నేనూ ఇలాగే పడుకున్నాను, చెల్లెమ్మా."

హలిజా లేచి కూర్చుంది. బెసే నవ్వు ఆగిపోయింది. ఏ ఊరని అడిగితే, ఏటికి అవతల ఇప్పుడు స్టేషను కడుతున్నచోటే తమ ఊరు ఉండేదన్నాడు.

"ఇల్లు?"

"కర్ర ఇల్లే. ఎత్తడానికి మనుషులున్నారు. దించడానికే చోటు లేదు."

"మరి ఈ పని ఎలా చేస్తున్నావు దాయెంగ్?" పెద్దన్నని పిలిచే ఆ పిలుపు తనకి తెలియకుండానే ఆమె నోట్లోంచి వచ్చేసింది.

కహార్ చేతులు దులుపుకున్నాడు. "మొదట్లో నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పడుతోంది. ఇల్లు పోయినవాడి చెయ్యి వణకదంటాడు మా మేస్త్రీ."

ఈ ఒక్క రోజుకైనా బండి ఎక్కొద్దని అడిగింది హలిజా. కహార్ ఆకు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఊరిపెద్ద వచ్చాడు. నీళ్ళ సీసాలు వచ్చాయి. పోలీసులు వచ్చారు. హలిజా బెసే చెయ్యి వదల్లేదు, భుజం మెలిపడింది. పిల్లల్ని వరసగా వెనక గుమ్మంలోంచి పంపేశారు. పంతులమ్మ నల్లబల్ల తుడిచి మరీ బయటికొచ్చింది, ఎందుకు తుడిచిందో ఆమెకే తెలియదు. కహార్ బండెక్కాడు. గోడ ఒక్క దెబ్బకి పడలేదు. ముందు పెచ్చులూడాయి, తర్వాత కిటికీ వేలాడింది, ఆ తర్వాత లోపలి బెంచీలు కనిపించాయి.

ఆడవాళ్ళని రోడ్డవతల వదిలేశారు. హలిజాకి ఏడుపు రాలేదు. భుజం నొప్పి కూడా ఇంకెవరిదో అన్నట్టుంది. ఎవరో కాఫీ గ్లాసు చేతిలో పెడితే పట్టుకుని కూర్చుంది. భర్త సనుసి వచ్చి, ఇంటికి పోదామా అన్నాడు. ఆ ఇల్లూ రేపో మాపో ఎత్తాల్సిందేనని ఇద్దరికీ తెలుసు. ఆమె లేవలేదు, అతనూ ఆమె పక్కనే కూర్చున్నాడు.

పని ముగిశాక కహార్ రోడ్డు దాటి వాళ్ళ దగ్గరికి వచ్చాడు. జుట్టు నిండా సున్నం దుమ్ము. అతని మీద రాయి విసరడానికి కూడా ఎవరూ వంగలేదు. హలిజా ఎదురుగా గొంతుక్కూర్చుని, తన పని ఈ ఊరితో సరి అనీ, ఇక ఆ బండి ఎక్కననీ చెప్పాడు.

మనసు కరిగినట్టుంది అనుకుంది హలిజా. ఇప్పుడు కరిగి ఏం లాభం అనుకుంటూనే, చేతిలో కాఫీ అతనికి ఇచ్చింది.

కహార్ కాఫీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి, తలెత్తి సనుసి వైపు చూశాడు.

"తమ్ముడికి ట్రాక్టరు తోలడం వచ్చా? తర్వాతి ఊళ్ళో ఈ బండి ఎక్కడానికి ఈ ఊరివాడే కావాలంటున్నాడు మేస్త్రీ."